నాలుగో నంబరు అతుకులు

షెడ్డులో అతన్ని అందరూ "సరేగారు" అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు గానీ ఎందుకు పెట్టారో మాత్రం అందరికీ తెలుసు. ఆ ప్లేట్లు ఇటు జరపమంటే సరే. ఆదివారం కూడా రమ్మంటే సరే. బల్ల మీద చోటు లేదు, నిలబడి తినమంటే అదీ సరే. వాళ్ళావిడ నోరు ఇంకా పదును. "దేవుడు మీకు కాళ్ళూ చేతులూ అన్నీ సరిగ్గానే పెట్టాడు. 'కాదు' అనే మాట పెట్టే వేళకి మట్టి అయిపోయినట్టుంది" అంటుంది.

అతని పని వెల్డింగు. పదిహేడో ఏట మేనమామ షెడ్డులో పట్టుకున్న వెల్డింగు రాడ్ హోల్డరు ఇప్పటికి పంతొమ్మిదేళ్ళుగా చేతిలోనే ఉంది. ఈ దేశం అతనికి వీసా ఇచ్చిందంటే అతని మొహం చూసి కాదు, ఆ చెయ్యి చూసి. ఇచ్చింది గానీ దానికి రెండు మెలికలు పెట్టింది. ఒకటి, పెద్ద నగరాల వంక చూడకూడదు, మూడేళ్ళూ ఈ చిన్న ఊళ్ళోనే ఉండాలి. రెండు, ఆ మూడేళ్ళూ వెల్డరుగానే పనిచెయ్యాలి. అప్పుడు అతనికీ, పెళ్ళానికీ, ఏడేళ్ళ కూతురికీ కలిపి ఇక్కడే ఉండిపొమ్మని కాగితం ఇస్తారు. ఏ ఒక్కటి తప్పినా ముగ్గురూ పెట్టెలు సర్దుకోవలసిందే.

ఊరని పేరే గానీ అది ఊరులా ఉండదు, నగరంలానూ ఉండదు. ఒక పొడుగాటి రోడ్డు, అటూ ఇటూ గోదాములు, ఒక ఆసుపత్రి, రోజుకి రెండే రైళ్ళు ఆగే స్టేషను. టైర్ల దుకాణం మీద రెండు గదుల్లో కాపురం. ఒక గది కిటికీ తెరిస్తే గోడ, రెండో గది కిటికీ తెరిస్తే రబ్బరు వాసన. కాబట్టి రెండూ తెరవరు. ఉతికిన బట్టలు కుర్చీల వీపుల మీద ఆరుతుంటాయి. ఎవరైనా వస్తే కూర్చోబెట్టడానికి ముందు ఒక చొక్కా తియ్యాలి. ఎవరూ రారు గనక ఇబ్బంది లేదు.

వాళ్ళావిడ సొంత ఊళ్ళో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేది. ఇక్కడ అదే ఆసుపత్రిలో, ల్యాబుకి రెండంతస్తుల కింద, దుప్పట్లు మడతపెడుతుంది. ఆవిడ సర్టిఫికెట్లు ఇక్కడ చెల్లుబాటు కావాలంటే ముందు శాశ్వతంగా ఉండే కాగితం రావాలి. "మీ కాగితం వస్తే నేను లిఫ్టెక్కుతా" అనేది. మొదటి ఏడాది నవ్వుతూ అనేది. మూడో ఏడాదికి అదే మాట నవ్వు లేకుండా అంటోంది.

ఇక షెడ్డు సంగతి. అక్కడ ఆవిరి ఒత్తిడికి తట్టుకునే ట్యాంకులు, బాయిలర్లు చేస్తారు. అతుకు చెడితే కారడంతో పోదు, పేలుతుంది. అందుకే ప్రతి వెల్డరుకీ ఒక నంబరుంటుంది. వేలెడంత ఉక్కు కడ్డీ, దాని మొనకి చెక్కిన అంకె. దాన్ని పంచ్ అంటారు. అతుకు పూర్తవగానే ఎవరి పంచ్ వాళ్ళు దాని పక్కన పెట్టి సుత్తితో ఒక్కటి కొట్టాలి. రేపు ఏదైనా జరిగితే ఆ అంకెని పట్టుకుని మనిషి దాకా వస్తారు. అతనిది ముప్ఫై ఒకటి. నాలుగో నంబరు పెద్దాయనది.

పెద్దాయన ఆ షెడ్డుకి కప్పు వెయ్యకముందు నుంచీ ఉన్నవాడు. ఎడమ చెవి సగం కాలిపోయి, వడలిన ఆకులా ముడుచుకుని ఉంటుంది. నోరు తెరిస్తే తిట్టే. అతను కొత్తగా వచ్చిన నెలలో చలికి వేళ్ళు కొయ్యబారిపోయి, మొదటి రెండు అతుకులూ, లోపల ఖాళీలున్నాయేమో చూసే ఎక్స్‌రేలో పోయాయి. సూపర్వైజరు పంపించేద్దామన్నాడు. అప్పుడు పెద్దాయనే అడ్డుపడ్డాడు. "చేతిలో పని ఉంది వీడికి. చలి పోతే బయటికొస్తుంది. నెల రోజులు నా పక్కన పడెయ్యి." ఆ నెలా తిట్టని తిట్టు లేదు, నేర్పని కిటుకు లేదు. నెల తిరిగేసరికి ముప్ఫై ఒకటో నంబరు అతుకులు చూడటానికి పక్క బల్లల వాళ్ళు వచ్చేవాళ్ళు.

ఆ మేలు గొంతులో ముల్లులా ఉండిపోయింది. మేలు చేసినవాడు మర్చిపోతాడు గానీ చేయించుకున్నవాడు ఎక్కడ మర్చిపోతాడు?

రెండో ఏడాది మొదట్లో ఒకరోజు పెద్దాయన ఒక అతుకు సగంలో ఆపి హెల్మెట్ పైకెత్తాడు. "ఓరేయ్, ఇటు రా. ఈ రెండు ప్లేట్లకీ మధ్య సందు ఎక్కడుంది?"

అతను నవ్వాడు, వేళాకోళం అనుకున్నాడు. పెద్దాయన నవ్వలేదు. అప్పుడు చూశాడు ఆ అతుకుని. సందుని వదిలేసి పక్కనించి, తప్పతాగినవాడు నడిచినట్టు పోయింది.

"ఎవరికీ చెప్పకు" అన్నాడు పెద్దాయన. అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు.

సంగతి ఏమిటంటే, మూడు అతుకులు వరసగా పోతే మళ్ళీ పరీక్ష పెడతారు. ఆ పరీక్షలో కళ్ళు కూడా చూస్తారు. కళ్ళు పోయాయని తేలితే ఆ రోజే ఇంటికి. పూర్తి పింఛను వచ్చే సర్వీసుకి పెద్దాయనకి ఇంకా ఏడాదిన్నర పైన ఉంది.

మన సరేగారు అతుకు మొత్తం కోసి మళ్ళీ వేశాడు. తర్వాత పెద్దాయన పంచ్ తీసుకుని, నాలుగు అని కొట్టాడు. ఒక్కటే కదా అనుకున్నాడు. తర్వాత వారం మూడు. ఆ తర్వాత లెక్క మానేశాడు. తన పని తగ్గింది. సూపర్వైజరు అద్దాల గదిలోంచి బయటికి రాడు. అక్కడ కూర్చున్నవాడికి కాగితమే షెడ్డు. నెలాఖరు కాగితంలో ముప్ఫై ఒకటి కింద అతుకులు పడిపోయాయి, నాలుగు కింద పెరిగిపోయాయి.

"ఏమయ్యా, చెయ్యి మొద్దుబారిందా?" అన్నాడు సూపర్వైజరు. "రేపటి నుంచి గ్రైండరుతో అతుకులు రుద్దుతూ పెద్దాయనకి సాయంగా ఉండు. ఈ వయసులో ఆయన్ని చూసైనా సిగ్గు తెచ్చుకో."

"సరే సార్."

అలా కాగితం మీద పెద్దాయన వెల్డరు, అతను హెల్పరు. షెడ్డులో అతను వెల్డరు, పెద్దాయన గ్రైండరు పట్టుకుని రుద్దుకునే హెల్పరు. ఈ తలకిందుల వ్యవహారం ఏడాదిన్నర నడిచింది. పక్క బల్లల వాళ్ళకి తెలుసు. తెలిసినవాళ్ళు మొహం అటు తిప్పుకుని టీ తాగారు.

తన పేరు హెల్పరుగా పడితే వీసాకి ఏమవుతుందో అతను ఆలోచించలేదా అంటే, ఆలోచించాడు. రోజూ పొద్దున్నే బస్సులో ఆలోచించేవాడు, షెడ్డు గేటు దగ్గర దిగగానే మానేసేవాడు. మొహమాటం ముందు పుట్టి మనవాడు తర్వాత పుట్టాడు.

ఇంకో నాలుగు నెలలకి మూడేళ్ళు నిండుతాయనగా ఉత్తరం వచ్చింది. వాళ్ళావిడే విప్పింది. అన్నం గిన్నె పక్కన పెట్టి పైకే చదివింది. మీ కంపెనీ పంపిన వివరాల ప్రకారం గత పద్దెనిమిది నెలలుగా మీరు హెల్పరు పని చేస్తున్నారు. వెల్డరుగానే చేశారని ఇరవై ఎనిమిది రోజుల్లో రుజువు చూపకపోతే మీ ముగ్గురి వీసాలూ రద్దవుతాయి.

"తప్పు రాశారు" అంది ఆవిడ. "మీరు రోజూ కళ్ళు మండుతున్నాయని బంగాళదుంప ముక్కలు పెట్టుకుంటున్నారు కదా? హెల్పరుకి కళ్ళెందుకు మండుతాయి? నంబర్లు చూపిస్తే సరిపోయె."

అతను చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చున్నాడు.

"ఏమండీ, ఎవరి నంబరు కొట్టారు?"

చెప్పాడు. గిన్నె కింద పెట్టిన చప్పుడికి పక్కగదిలో హోంవర్కు చేసుకుంటున్న పిల్ల తొంగిచూసి మళ్ళీ లోపలికి పోయింది.

"ఎలుక తాను దూరను కంత లేదు గానీ మెడకో డోలట! మనకే ఇక్కడ కాలు ఆనలేదు, ఆయన్ని భుజానెత్తుకున్నారా? ఏడాదిన్నర! ఏడాదిన్నరగా నాకొక్క మాట చెప్పలేదా?"

"చెబితే మానెయ్యమంటావని..."

"అంటాను! అనకేం చేస్తాను?" అని, ఉత్తరం మడిచి, "రేపు వెళ్ళి సూపర్వైజరుకి ఉన్నది చెప్పండి" అంది.

"సరే."

"ఆ మాట నాకొద్దు. నిజంగా చెబుతారా?"

చెప్పలేదు. రెండుసార్లు అద్దాల గది దాకా వెళ్ళాడు. మొదటిసారి సూపర్వైజరు ఫోనులో ఉన్నాడు. రెండోసారి ఫోనులో లేడు, అందుకని ఇతనే వెనక్కి వచ్చేశాడు. చెబితే పెద్దాయన పోతాడు. పూర్తి సర్వీసుకి ఇంకా అరవై రోజులే. తన గడువు ఇరవై ఎనిమిది. ఆ అరవై ముందు అయ్యుంటే ఎంత బాగుండేది అనుకుంటూ పెద్దాయన దగ్గర హోల్డరు తీసుకుని, ఎప్పట్లాగే అతుకు వేసి, నాలుగు అని కొట్టాడు. ఉత్తరం వచ్చిన తర్వాత కూడా కొట్టాడు. చెబితే ఎవరూ నమ్మరు.

రోజులు కరిగి తొమ్మిదికి వచ్చాయి. ఇంట్లో మాటలు తగ్గాయి. ఆవిడ పొద్దున్నే లేచి డబ్బా కట్టేది, బల్ల మీద పెట్టేది, వెళ్ళిపోయేది. పిల్లే ఇద్దరి మధ్యా రాయబారి. "అమ్మ నిన్ను గొడుగు తీసుకెళ్ళమంది." "నాన్న సరే అన్నాడు." ఆ చివరి మాట విన్నప్పుడల్లా లోపల గిన్నెలు గట్టిగా చప్పుడయ్యేవి.

ఆ బుధవారం ఆవిడ ఆసుపత్రిలో దుప్పట్ల బండి తోసుకుంటూ కళ్ళ విభాగం ముందు నుంచి పోతుంటే, ఒక ముసలాయన చేతిలో టోకెను పట్టుకుని, గోడమీద వెలిగే అంకెలకేసి మొహం చాచి కూర్చున్నాడు. ఆయన అంకె వచ్చి పోయింది. మళ్ళీ పిలిచారు. ఆయన కదల్లేదు.

"తాతగారూ, మీదే పిలుస్తున్నారు" అంది ఆవిడ టోకెను చూసి.

"తెలుసు, కాలు తిమ్మిరెక్కింది" అన్నాడాయన. లేచి, తలుపుకి బదులు పక్కనున్న అల్మారా వైపు నడిచాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని తిప్పింది. అప్పుడు కనిపించింది, మొగుడు చెప్పిన కాలిన చెవి.

సాయంత్రం ఇంటికి రాగానే మొగుడికి చెప్పింది. పన్నెండు రోజుల తర్వాత మొదటి మాట అదే. "మీ పెద్దాయన్ని చూశాను. ఉత్తరం సంగతి మొత్తం చెప్పేశాను."

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?" అని అరిచాడతను. ఆ గొంతు అతనిదేనా అని అతనికే అనుమానం వచ్చింది.

"ఎవరూ చెప్పమనలేదు. నోరుంది, చెప్పాను" అంది. తర్వాత కుర్చీ మీద చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "తిడదామనే నోరు తెరిచానండీ. తలుపేదో అల్మారా ఏదో తెలియని మనిషిని ఏం తిడతాను? చెప్పి వచ్చేశాను, అంతే."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. 'దుప్పట్లు మడతపెట్టే పనా నీది?' అని అడిగాడు. అవునన్నాను."

మర్నాడు షెడ్డులో పెద్దాయన గుడ్ మార్నింగ్ కూడా లేకుండా గ్రైండరు అతని చేతిలో పెట్టాడు. "ఇవాళ నువ్వు హెల్పరువి. కాగితం మీద ఉన్నట్టే ఉందాం."

"పెద్దాయనా, వద్దు. అది ట్యాంకుకి పై నుంచి కిందికి పోయే మెయిన్ అతుకు."

"నోర్ముయ్. నేను నీకు నేర్పానా, నువ్వు నాకు నేర్పావా?"

హెల్మెట్ దించి, రాడ్ ప్లేటుకి తగిలించి ఆర్క్ వెలిగించాడు. అతను కూడా నల్లద్దం వెనక నించి చూస్తూనే ఉన్నాడు. వెలుగు సందులో రెండంగుళాలు నడిచి, నెమ్మదిగా పక్కకి జరిగింది. ఒక్క మాట అంటే చాలు, ఎడమకి అంటే చాలు. ఆయన గ్రైండరు పట్టినప్పుడల్లా ఏడాదిన్నరగా అన్నమాటే. ఇవాళ నోరు రాలేదు. పెద్దాయన ఎందుకు వేస్తున్నాడో అప్పటికి అర్థమైంది. అర్థమయ్యాక ఆపడానికి మనసొప్పలేదు. తన కూతురు మొహం అడ్డొచ్చిందని చెప్పుకోవచ్చు. నిజం చెప్పాలంటే అలిసిపోయాడు, అంతే.

అతుకు అయ్యాక పెద్దాయన తన పంచ్ తనే తీసుకున్నాడు. మొదటి దెబ్బ బొటనవేలి మీద పడింది. బూతు తిట్టాడు. రెండో దెబ్బకి అంకె పడింది.

మర్నాడు ఎక్స్‌రే వచ్చింది. అతుకు పొడుగునా లోపల ఖాళీ, నల్లగా. ఆ ఫిల్ము చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఇతని భుజం పట్టుకుని, పెద్దాయన అద్దాల గదిలోకి నడిచాడు. తలుపు తట్టలేదు.

"ఇది చూడు" అన్నాడు సూపర్వైజరుతో. "ఇది నా అతుకు. ఇప్పుడు ఈ ఏడాదిన్నరలో నాలుగో నంబరు ఫిల్ములన్నీ తీసి పక్కన పెట్టు. ఒక్కటి కూడా పోలేదు కదా? అరవై దాటినవాడి అతుకులు ఏటికేడూ బాగుపడుతుంటే నీకు అనుమానం రాలేదట్రా?"

"అంటే ఏంటి నువ్వనేది?"

"ఒక్కో వరస చివర చూడు. వీడు ఆపే ముందు అర గోరు వెనక్కి వచ్చి అప్పుడు రాడ్ ఎత్తుతాడు. అక్కడ చిన్న బుడిపె ఉంటుంది. ఈ షెడ్డులో ఇంకెవడికీ ఆ అలవాటు లేదు. నాకూ లేదు."

అది మేనమామ నేర్పింది. చివర గుంట పడకుండా. సూపర్వైజరు ఫిల్ములు ఒక్కోటి లైటుకెత్తి చూశాడు. బుడిపె, బుడిపె, బుడిపె. అదే నాలుగో నంబరువి, ఏడాదిన్నర కంటే వెనకవి తీశాడు. అక్కడ లేదు. కుర్చీ వాళ్ళ వైపు తిప్పాడు.

"ఇద్దరూ కలిసి నన్ను వెధవని చేశారన్నమాట" అన్నాడు చివరికి.

"ఆ పని నువ్వు మాకు మిగల్చలేదు" అన్నాడు పెద్దాయన.

సూపర్వైజరు చెడ్డవాడు కాదు, కాగితపు మనిషి. కాగితం ఏం చెబితే అది చేస్తాడు. ఇప్పుడు కాగితం రెండు సంగతులు చెప్పింది, రెండూ చేశాడు. ఇతను పద్దెనిమిది నెలలూ వెల్డరుగానే పనిచేశాడని, ఫిల్ములు జతచేసి, ఉత్తరం రాశాడు. ఇతను వేరేవాడి నంబరు కొట్టి కంపెనీ రూలు తప్పాడని అదే ఉత్తరంలో కింద ఇంకో పేరా రాశాడు. పెద్దాయన్ని మధ్యాహ్నానికల్లా పంపించేశాడు. పూర్తి సర్వీసుకి ముప్ఫై తొమ్మిది రోజులు తక్కువ. పింఛనులో కోత. పెద్దాయన గేటు దాటాక గుర్తొచ్చింది, టిఫిను డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. సరేగారే పరిగెత్తుకెళ్ళి ఇచ్చాడు. "ఊరికే ఏడవకు, వెళ్ళి పని చూసుకో" అన్నాడు పెద్దాయన. అతను ఏడవడం లేదు. ఆయనకి కనబడలేదు.

తర్వాత పదకొండు రోజులు సరేగారికి ఒకటే పని. యార్డులో ఉన్న ప్రతి ట్యాంకు దగ్గరికీ వెళ్ళాలి, నాలుగు అనే అంకె మీద ఉలితో అడ్డగీత కొట్టాలి, పక్కన ముప్ఫై ఒకటి అని పంచ్ వెయ్యాలి, సూపర్వైజరు దగ్గర సంతకం తీసుకోవాలి. ట్యాంకుల కింద వెల్లకిలా పడుకుని, బూజూ తుప్పూ కళ్ళల్లో పడుతుంటే, నూట నలభై మూడు చోట్ల పెద్దాయన్ని కొట్టేసి తనని రాసుకున్నాడు. సాయంత్రానికి చెయ్యి పైకి లేచేది కాదు. అన్నం ఎడంచేత్తో తినబోతే పిల్ల నవ్వింది. వాళ్ళావిడ నవ్వలేదు, కలిపి పెట్టింది.

జవాబుకి ఆరు వారాలు పట్టింది. ఈసారి ఉత్తరం అతనే విప్పాడు, చదవమని ఆవిడకే ఇచ్చాడు. వెల్డరేనని ఒప్పుకున్నారు. వీసాలు రద్దు చెయ్యడం లేదు. కానీ రికార్డులు తారుమారు కావడానికి మీరే కారణం గనక ఆ పద్దెనిమిది నెలలూ లెక్కలోకి రావు. అదే ఊళ్ళో, అదే పనిలో, మూడేళ్ళ మీద మళ్ళీ పద్దెనిమిది నెలలు.

ఆవిడ రెండుసార్లు చదివింది. "పంపించెయ్యడం లేదు" అంది.

"లేదు."

"లిఫ్టు మాత్రం ఇప్పట్లో లేదు."

"లేదు" అన్నాడు. ఇంకా ఏదో అనాలని చూశాడు గానీ ఆవిడ లేచి కుర్చీల మీద బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆరాయో లేదో కూడా చూడలేదు. అతనూ పక్కన నిలబడి రెండు మడతపెట్టాడు. ఆవిడ ఆ రెండూ విప్పి మళ్ళీ సరిగ్గా పెట్టింది.

ఆదివారం పెద్దాయన ఇంటికి వెళ్ళాడు. ఆయన ఒక కంటికి ఆపరేషన్ చేయించుకుని, దాని మీద తెల్ల కట్టుతో గుమ్మంలో కూర్చున్నాడు.

"ఎంతన్నారు?"

"ఏడాదిన్నర."

"నన్ను తిట్టుకుంటున్నావా?"

"లేదు."

"అబద్ధాలాడకు."

"కొంచెం తిట్టుకుంటున్నాను" అన్నాడు. పెద్దాయన తల ఊపాడు. ఆ మాట నచ్చినట్టే ఉంది. ఇద్దరూ రోడ్డు మీద పోయే లారీలు చూస్తూ కూర్చున్నారు.

సోమవారం పొద్దున్నే సూపర్వైజరు పిలిచాడు. సొరుగులోంచి పెద్దాయన పంచ్ తీసి బల్ల మీద పెట్టాడు. అరిగిపోయిన ఉక్కు. పట్టుకునే చోట వేళ్ళ గుంటలు పడి ఉన్నాయి.

"షెడ్డులో ఇది సీనియరు నంబరు. ఎటూ నీ చేతికి అలవాటే కదా. గ్రైండింగు నుంచి తీసేశాను నిన్ను. నాలుగు నువ్వు తీసుకో."

అతను దాని వంక చూశాడు. ముట్టుకోలేదు.

"వద్దు సార్."

సూపర్వైజరు కళ్ళద్దాలు తీశాడు. "ఏంటీ?"

"వద్దు. నాకు ముప్ఫై ఒకటి ఉంది."

సూపర్వైజరు పంచ్ సొరుగులో పడేసి, మళ్ళీ కాగితాల్లోకి తల దూర్చాడు.

"అయితే వెళ్ళేముందు ఆ బయట ప్లేట్లు కాస్త ఇటు జరిపించి వెళ్ళు."

"సరే సార్" అన్నాడు.